ఆకు పడకూడదు, నలగకూడదు

తాత పోయాడన్న కబురు నాకు గుర్రం మీద ఉండగా అందింది. పొద్దున్న ఏడున్నర దాటింది. కోత అయిపోయిన పొలంలో బుల్లెమ్మని దుల్కీలో తిప్పుతున్నాను. దుల్కీ అంటే నడకకీ పరుగుకీ మధ్య గుర్రం ఎగిరెగిరి వేసే అడుగు. మీద కూర్చున్నవాడికి ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో తెలిసేది అప్పుడే. తాత కూతురు కంచె పక్కన స్కూటీ ఆపింది. మేమంతా ఆవిడని దీదీ అంటాం. హెల్మెట్ తియ్యకుండానే అంది: "నాన్న పోయారు రా. టీ తాగుతా తాగుతా. సగం గ్లాసు అలాగే ఉంది."

బుల్లెమ్మ ఇంకో పది అడుగులు వేసింది. నేను లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను. తర్వాత మెల్లిగా నిలబెట్టి కిందికి చూసుకున్నాను. పగ్గాలు ఎప్పుడు వదిలేశానో తెలియదు, దాని మెడ మీద పడున్నాయి. కాళ్ళు మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. మడమ కిందికి, పిక్క గుర్రం పొట్టకి ఆని, కదలకుండా. ఆ సమయంలో నాకు నవ్వొచ్చింది. దీదీ కోప్పడలేదు.

"కాళ్ళు చూసుకున్నావా?" అంది.

"చూసుకున్నా దీదీ."

"ఠీక్ హై. మీ తాత కూడా ముందు అదే అడుగుతారు," అని అప్పుడు ఏడ్చింది.

ఆయన నాకు సొంత తాత కాదు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే ముసలాయన. మాది సముద్రం మధ్య దీవి. ఫెరార్‌గంజ్ దగ్గర రోడ్డు దిగి లోపలికొస్తే ఖాడీ, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ, దాని ఒడ్డున మా బస్తీ. అందరం శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళ పిల్లలం, సముద్రం మీద బతికేవాళ్ళం. ఆ బస్తీలో గుర్రం ఉన్న ఇల్లు అదొక్కటే. తాత చిన్నప్పుడు కలకత్తాలో ఎవరిదో గుర్రాల పాకలో సైసుగా పనిచేశాడట. గుర్రాలకి మేత వెయ్యడం, తోమడం, తిప్పడం ఆయన పని. తర్వాత ఓడెక్కి అన్నగారి దగ్గరికొచ్చి ముప్పై ఏళ్ళు చేపలు పట్టాడు. ముసలితనం మొదలయ్యాక డోంగీ, అదే తన చిన్న పడవ, అమ్మేసి బుల్లెమ్మని తెప్పించుకున్నాడు. "పడవమీద బతికేను, గుర్రంమీద ముసలోణ్ణి అవుతాను" అనేవాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన నాకేం చేశాడో మీకు తెలియదు. తొమ్మిదిలో బడి మానేశాను. మిడిల్ పాయింట్‌లో ఫోన్లు బాగుచేసే షాపులో రెండు నెలలున్నాను. ఒక బోటు మీద మూడు వారాలు. దీవుల ఆ చివరికి పోయే డిగ్లీపూర్ బస్సులో క్లీనర్‌గా ఒక ట్రిప్పు. అవును, ఒకటే ట్రిప్పు. అంతసేపు ఒక బస్సుతో ఉండటం నావల్ల కాలేదు. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే నడుస్తాను. మా అమ్మ "వీడి కాళ్ళలో చీమలున్నాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఒకరోజు అమ్మ చేపలిచ్చి తాత ఇంటికి పంపింది. ఆయన అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్నాడు. పెరట్లో బుల్లెమ్మ కట్టేసి ఉంది. తెల్లది, నుదుటి మీద బెల్లం రంగు మచ్చ. చేపలు అక్కడ పెట్టి, అడక్కుండా గోడెక్కి దాని మీదికి దూకాను. ఎంతసేపున్నానో తెలియదు గానీ, తర్వాత పేడకుప్పలో ఉన్నాను.

తాత లేవలేదు. ఆకుకి సున్నం రాసుకుంటూ, "దిగడం బాగా వొచ్చురా గుంటడా నీకు. ఎక్కడం నేర్పుతాను, రేపు రా," అన్నాడు.

రేపు రా అనడానికి ఆయనకి వేరే కారణం కూడా ఉందని తర్వాత తెలిసింది. బుల్లెమ్మ అప్పటిదాకా పెళ్ళిళ్ళకి వెళ్ళేది. పెళ్ళికొడుకుని ఎక్కించుకుని బ్యాండు వెనకాల నడిచేది. పెళ్ళికొడుకులకి గుర్రం మీద కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు కదా. ఊపుతారు, బిగిస్తారు, భయమేస్తే మడమలతో పొడుస్తారు. ఏళ్ళ తరబడి అలా పొడిపించుకుని దానికి విసుగొచ్చేసింది. ఆఖరి పెళ్ళిలో ఒక మహానుభావుడు డోలు దరువుకి తగ్గట్టు రెండు కాళ్ళతో తాళం వేశాడట. బుల్లెమ్మ బ్యాండుని దాటి, పందిరిని దాటి, వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తి ఆయన్ని క్యాబేజీల గుట్ట మీద దించింది. దెబ్బలేం తగల్లేదు. తాత ఈ కథ చెప్పినప్పుడల్లా ఆఖర్న ఒక మాట కలిపేవాడు: "అందరికన్నా పెళ్ళికూతురే ఎక్కువ నవ్వింది. ఈ సంసారం బాగుంటాదని నేను అప్పుడే అనుకున్నాను."

కానీ ఆ తర్వాత బుల్లెమ్మని ఎవరూ పిలవలేదు. పొట్టకి కాలు తగిలితే చాలు ఎగిరిపడేది. తాతకి మోకాళ్ళు అరిగిపోయాయి, ఎక్కి దాన్ని దారిలో పెట్టలేడు. డిగ్లీపూర్‌లో ఎవరో ఇసుక బండి లాగడానికి అడుగుతున్నారు. దీదీ ఇచ్చేద్దామంది. ఆవిడ తప్పేం కాదు, పొద్దున్న డ్యూటీకి వెళ్ళేలోపు గడ్డి కోసేది ఆవిడే.

"వానలు పడేదాకా ఆగు," అని తాత కూతుర్ని బతిమాలుకున్నాడు. "ఈలోగా ఒకడు దీనిమీద కుదురుగా కూకోగలిగితే ఇది కుదురుకుంటాది."

"ఎవరు నాన్నా ఆ ఒకడు?"

తాత నన్ను చూపించాడు. దీదీ నన్ను చూసింది. నా కాలు ఊగుతోంది. "అరే భగవాన్," అంది.

షరతు దీదీయే పెట్టింది. వానలు మొదలయ్యేలోపు నేను బుల్లెమ్మ మీద ఇంటి దగ్గర్నుంచి బజారు మధ్యలోంచి జెట్టీ దాకా వెళ్ళి రావాలి. అది బెదరకూడదు, ఎవరినీ తన్నకూడదు, నన్ను పడెయ్యకూడదు. అలా అయితే గుర్రం ఉంటుంది. లేకపోతే డిగ్లీపూర్.

మొదటి నెల అంతా నా కాలివేళ్ళతోనే సరిపోయింది. మా బస్తీ పిల్లలకి నడక రాకముందే పడవ వస్తుంది. తడి చెక్క మీద జారకుండా వేళ్ళతో పట్టుకుని నిలబడతాం. గుర్రమెక్కినా అదే చేశాను. జీను పక్కన వేలాడే రికాబులో పాదం పెట్టగానే వేళ్ళు కిందికి ముడుచుకునేవి. వేళ్ళు దిగితే మడమ లేస్తుంది, మడమ లేస్తే మోకాలు బిగుస్తుంది, మోకాలు బిగిస్తే నేను చెప్పుల దుకాణంలో మేకుకి వేలాడే చెప్పులాగా ముందుకి వాలిపోయేవాణ్ణి. నాకోసం తాత గుడ్డ బూట్లు కొనిపెట్టాడు. పొలం నుంచి రాగానే విప్పించి లోపల చూసేవాడు. వేళ్ళతో పట్టుకుంటే లోపలి అట్ట ముందువైపు అరుగుతుంది. నేను అబద్ధమాడినా బూటు ఆడేది కాదు.

"ఈయాల వేళ్ళు ఒగ్గేసేను తాతా."

"అట్టనడుగుదాం," అని బూటు తిప్పి చూసి, "అట్ట నేదంటంది," అనేవాడు.

"నువ్వెలా మానేశావు మరి? నువ్వూ పడవవాడివేగా."

"నేనెక్కడ మానేసేనురా. గుర్రం దిగి పడవెక్కితే వేళ్ళు, పడవ దిగి గుర్రమెక్కితే మడమ. ఏది ఎక్కేవో కాళ్ళకి సెప్పాల. అవి అడగవు."

ఒకసారి నేను విసిగిపోయి, కాలు ఎలా వేలాడాలో ఒక్కసారి సరిగ్గా చెప్పమని అరిచాను. ఆయన బుల్లెమ్మ వచ్చిన రోజు సంగతి చెప్పాడు. ఓడ మీద నుంచి దాన్ని పొట్ట కింద పట్టా కట్టి క్రేన్‌తో దించారట. జెట్టీ మీద జనమంతా పైకి చూస్తున్నారు. మొదట అది గాలిలో నాలుగు కాళ్ళూ కొట్టుకుంది. తర్వాత కింద నేల లేదని అర్థమయ్యి వదిలేసింది. కాళ్ళు నాలుగూ గంటకి నాలుకలా నిటారుగా వేలాడాయి. "ఆ కాళ్ళు సూసేను. అప్పుడే మనసుపడిపోయేను," అన్నాడు తాత. "తుంటి కాణ్ణించి అలగ వేలాడాల నీ కాలు. నువ్వు పట్టుకోకు. బరువుని మడమలోకి జారనీ. గుర్రాన్ని కిందనించి లాగేస్తే నువ్వు నేలమీద రెండుకాళ్ళ మీద నిలబడాల. మూతిమీద పడితే కూకోడం రానట్టే."

ఆ వారమే తాత మా నాన్న దగ్గర డోంగీ అడిగి తీసుకుని నన్ను ఖాడీ నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ అలలు లోపలికొస్తుంటాయి. బూట్లతో నిలబడమన్నాడు. మా వాళ్ళెవరైనా చూస్తే పరువు పోతుంది, బూట్లు తొడుక్కుని డోంగీలో నిలబడేవాడు టూరిస్టే. అయినా నిలబడ్డాను. వేళ్ళకి పట్టు లేదు. రెండుసార్లు నీళ్ళలో పడ్డాను. మూడోసారి ఏదో అయింది. అల వస్తే మోకాలు దానంతట అదే మెత్తబడింది, పోతే తేలింది. పాదం మాత్రం చెక్కకి అంటుకుని ఉంది. తాత తెడ్డు వెయ్యడం ఆపేశాడు. "ఊగేది పడవ. నువ్వు ఊపకు," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి తమలపాకులు మొదలయ్యాయి. ఆయన పాన్‌డబ్బాలోంచి రెండు లేత ఆకులు తీసేవాడు. నేను ఎక్కాక నా రెండు పిక్కలకీ గుర్రం పొట్టకీ మధ్య చెరొకటి పెట్టేవాడు. పొలం చుట్టూ మూడు చుట్లు. "ఆకు పడకూడదు, నలగకూడదు." కాలు వదులైతే ఆకు పడిపోతుంది, కాలు బిగిస్తే నలిగిపోతుంది. బుల్లెమ్మకి కావలసింది సరిగ్గా ఆ రెంటికీ మధ్య ఉన్న కాలు. అలాంటి కాలు తన పక్కన ఉంటే అది పొడిపించుకున్న సంగతి మర్చిపోతుంది. నిజంగానే మర్చిపోవడం మొదలుపెట్టింది. ఎగిరిపడటం తగ్గింది. మెడ కిందికి దించి, ముక్కుతో గాలి వదిలి నడిచేది.

చుట్లు అయ్యాక తాత ఆకులు తీసి వెలుతురుకి పట్టి చూసేవాడు. నలిగితే పారేసేవాడు. నలక్కపోతే కడిగి నములుతానన్నాడు. రెండు నెలలు అయినా నా ఆకు ఒక్కటీ ఆయన నోట్లోకి వెళ్ళలేదు. మొట్టమొదటిసారి నేను ఒక పని రేపు కూడా చెయ్యాలనుకున్నది ఆ ఆకుల కోసమే.

మబ్బు పట్టడం మొదలయ్యాక ఒక ఆదివారం దీదీ గేటు దగ్గర నిలబడి, "చల్," అంది. తాత ఆకులు పెట్టాడు. బయల్దేరాను. బజార్లో కోళ్ళవాడు, లౌడ్ స్పీకరు, ఆటోలు. బుల్లెమ్మ చెవులు అటూ ఇటూ తిప్పింది గానీ నడక మారలేదు. జెట్టీ దాకా బాగానే వెళ్ళాం. అక్కడ సరిగ్గా మేం తిరిగే చోట ఫెర్రీ హారన్ కొట్టింది. అది పక్కకి ఒక్క గెంతు గెంతింది. నా వేళ్ళు బూట్లలో ముడుచుకున్నాయి. మోకాళ్ళు బిగుస్తున్నాయి. అవి బిగిస్తే బుల్లెమ్మ పరిగెడుతుంది, అది పరిగెడితే డిగ్లీపూర్. ఊపిరి వదిలాను. ఖాడీ నోట్లో చేసినట్టే మోకాలు వదిలేసి బరువుని మడమలోకి పోనిచ్చాను. ఊగేది పడవ. బుల్లెమ్మ ఒక్కసారి గుండ్రంగా తిరిగి, నా కాళ్ళు ఏమంటాయా అని ఆగింది. కాళ్ళు ఏమీ అనలేదు. తల దించి ఇంటి వైపు నడిచింది. ఎడమ ఆకు మాత్రం ఆ గెంతులో పడిపోయింది.

గేటు దగ్గర దిగి చెప్పాను. "ఒకటి ఫెర్రీ దగ్గర పడిపోయింది తాతా."

"నాకు మొదటిసారి రెండు పడిపోయేయి."

"ఆకులా?"

"పళ్ళు," అని కుడి ఆకు తీసి వెలుతురుకి పట్టాడు. చాలాసేపు చూశాడు. కడగలేదు. లుంగీకి తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో వేసుకున్నాడు.

"ఛీ నాన్నా! గుర్రం చెమట!" అంది దీదీ.

ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. "ఉప్పు సరిపోయింది," అన్నాడు.

దీదీ ఆ సాయంత్రమే డిగ్లీపూర్‌కి ఫోన్ చేసి లేదని చెప్పేసింది. వారం తిరక్కుండా వానలొచ్చాయి. పాక కారుతుంటే నేనూ ఆవిడా కలిసి రేకు వేశాం.

ఆ తర్వాతి రెండేళ్ళూ మంచి రోజులు. నేను ఇసుకలో పిల్లల్ని తిప్పాను, వచ్చినవాళ్ళకి ఎక్కడం నేర్పాను. తాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరికీ కలిపి ఒకటే అరుపు అరిచేవాడు: "మడమ!" రోడ్డు మీద స్కూటీ వేసుకుపోయేవాళ్ళకి కూడా అరిచేవాడు. దీదీకి రోజూ తప్పేది కాదు. "నాన్నా, ఇది హోండా!" అని అరుస్తూ వెళ్ళేది. బుల్లెమ్మ మీద కోపమొస్తే హిందీలో తిట్టేవాడు, ముద్దొస్తే తెలుగులో మాట్లాడేవాడు. అది కూడా హిందీ వినగానే చెవులు వెనక్కి పెట్టేసేది. సాయంత్రం ముందు దాని కాళ్ళు కడిగి, తర్వాతే తన కాళ్ళు కడుక్కునేవాడు.

మా బళ్ళో లెక్కలు చెప్పే టీచర్ కూడా నేర్చుకోవడానికి వచ్చారు. నన్ను ఎనిమిదిలో "కుదురుగా కూర్చోరా" అని రోజుకి పదిసార్లు అన్న మనిషి. మొదటి రోజు గుర్రమెక్కి ఆవిడ రెండు కాళ్ళూ ఊపేస్తుంటే నేను, "కుదురుగా కూర్చోండి టీచర్," అన్నాను. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఆగానో. తాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఇది రాస్తుంటే అక్షరాలు దిద్దిపెట్టింది ఆవిడే. తెలుగు నాకు నోటికొచ్చినంత బాగా చేతికి రాదు.

ఆ రెండేళ్ళలో రెండు ఆకులూ ఒకేసారి నిలిచింది ఎప్పుడూ లేదు. ఒకరోజు ఎడమది పడేది, ఒకరోజు కుడిది నలిగేది. "రెండూ నిలిచిన రోజు సెప్పు. రెండూ కలిపి నములుతాను," అనేవాడు తాత. పోయిన నెలలో కూడా అన్నాడు. అప్పటికే ఆయనకి నమలడానికి పళ్ళు పెద్దగా లేవు, దీదీ చిన్న రోట్లో దంచి ఇచ్చేది.

ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు బుల్లెమ్మని వెనకాల నడిపించాను. బ్యాండు ఉంది, డోలు ఉంది. అది బెదరలేదు. డోలు వినగానే పెళ్ళనుకుందేమో, మెడ ఎత్తి ఠీవిగా నడిచింది. జనంలో ఒకాయన నవ్వాపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తాత చూసి ఉంటే తువ్వాలు కూడా అడ్డం పెట్టుకునేవాడు కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్న దీదీ పాన్‌డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకెందుకు ఇది, నువ్వే ఉంచుకో," అంది. ఆవిడ రోజూ తడుపుతున్నట్టుంది, లోపల గుడ్డలో ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. రెండు తీసుకున్నాను. పెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఎక్కాక నేనే వంగి పెట్టుకున్నాను. పొలం చుట్టూ నడకలో ఒక చుట్టు, దుల్కీలో రెండు చుట్లు. ప్లాస్టిక్ కుర్చీ పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ మడమ దానంతట అదే ఇంకొంచెం దిగింది.

ఆపి చూసుకున్నాను. రెండూ ఉన్నాయి. దిగి, ఒక్కొక్కటీ తీసి వెలుతురుకి పట్టాను. ఈనెలు కూడా చెదరలేదు. అటు తిరిగి చూపిద్దామనుకుని కుర్చీ వైపు చూశాను.

నేనెప్పుడూ పాన్ వేసుకోను. ఒక ఆకు లాగుకి తుడిచి, సున్నం లేకుండానే నోట్లో పెట్టుకున్నాను. నాలుక చురుక్కుమంది. ఉప్పు సరిపోయింది. రెండోది ఏం చెయ్యాలా అని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. బుల్లెమ్మ మెడ చాచి, పెదవితో నా అరచేతిలోంచి మెల్లిగా దాన్ని తీసుకుంది. పొలంలో ఇద్దరం నిలబడి నమిలాం. చాలాసేపు అలాగే నిలబడ్డాను, కాలు కదపకుండా.